బిడ్డ కాలికి బేగం ఉంగరం

కాశీకి పోయొచ్చిన వాళ్ళు కాశీ గురించి చెప్పుకుంటారు. నేను తాండూరుకు పోయొచ్చాను, తాండూరు గురించి చెప్పుకుంటాను. నవ్వేవాళ్ళు నవ్వండి. వికారాబాద్ స్టేషన్ బయట మిర్చి బజ్జీలు వేసి ఇంతకాలం బతికాను. ఏ బండి ఎటు నుంచి వస్తుందో కూత విని చెప్తాను. కానీ ఆ బండి లోపల ఎట్లా ఉంటుందో మొన్నటి దాకా నాకు తెలియదు. బజ్జీలు కిటికీలోంచి లోపలికి పోయేవి, నేను బయటే ఉండిపోయేదాన్ని.

నేను చెప్తుంటే ఎదురింటి పంతులమ్మ రాస్తోంది. నాకు నా పేరు రాయడం వచ్చు, అనంతమ్మ అని. అది కూడా సున్న దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నొప్పి పెడుతుంది. నా మాటలను బళ్ళో చదివే మాటల్లా దిద్ది రాస్తానంది. సరే అన్నాను. ఎవరు ఏమన్నారో అది మాత్రం వాళ్ళు అన్నట్టే రాయమన్నాను. బూతులు తీసేస్తానంది. తీసేస్తే మా వియ్యపురాలి మాటల్లో ఇంకేం మిగుల్తుందో మీరే చూడండి.

ఎందుకు బయల్దేరానంటే

మా ఊరి చివర మామిడితోటలో ఒక బంగళా ఉంది. అందులో బేగం గారు కాపురమున్నప్పుడు నేను వంటింట్లో పనిచేశాను. నా మొగుడు అప్పటికే పోయాడు. ఒక్కతే బిడ్డ, మాణెమ్మ. పోలీసు చర్య నాటి గడబిడలో బేగం గారి కూతురు చిన్న బీబీని నా గుడిసెలో దాచి, నా బిడ్డ పక్కన పడుకోబెట్టుకున్నాను. ఇద్దరికీ కలిపి ఒకటే గొంగడి. బయట ఏం జరుగుతోందో వాళ్ళకు పట్టలేదు. గొంగడి ఎవరి వైపు ఎక్కువ పోయిందన్నదే వాళ్ళ కొట్లాట. రాత్రంతా కాళ్ళతో తన్నుకునేవాళ్ళు. అంతా సద్దుమణిగాక బేగం గారి కుటుంబం హైదరాబాద్ వెళ్ళిపోయింది. పోయేటప్పుడు ఆమె వేలికున్న ఉంగరం తీసి నా చేతిలో పెట్టి, "నీ బిడ్డ షాదీకి" అన్నారు.

తెల్లటి ఉంగరం. నడుమ జొన్నగింజంత తెల్లరాయి, దాని చుట్టూ ఎర్రరాళ్ళు, రెండు పక్కలా చిన్న చిన్న పచ్చరాళ్ళు. నేను దాన్ని వెండి అనుకున్నాను, రాళ్ళను గాజు అనుకున్నాను. మా ఇళ్ళలో బంగారం కాళ్ళకు పెట్టరు, కాళ్ళకు వెండే. మాణెమ్మ పెళ్ళినాడు ఆ ఉంగరం చేతివేలికి పెడితే జారి అన్నంలో పడింది. కాలివేలికి పెడితే కొలత తీసి చేసినట్టు కూర్చుంది. ఇంకేం, మెట్టె అయిపోయింది. రెండో కాలికి మామూలు వెండి మెట్టె.

ఆ మెట్టెలు తొడిగేటప్పుడు నేను చూడలేదు. మొగుడు లేనిదాన్ని కదా, గోడ వెనక నిలబడమన్నారు. నేను వండిన అన్నం అందరూ తిన్నారు, నా నీడ మాత్రం మెట్టెల మీద పడొద్దట. గోడకు ఒక కంత ఉంది. కానీ ఆ కంతకు అడ్డంగా సంగమ్మ వీపు ఉంది. సంగమ్మ అంటే నా వియ్యపురాలు, తాండూరు అవతల కాగ్నా ఏరు దాటాక వాళ్ళ ఊరు. ఆమె వీపు ఎంత వెడల్పో నాకు ఆ రోజే తెలిసింది.

ఇన్నేళ్ళకు, మొన్న మంగళవారం, బేగం గారు నా బజ్జీల పొయ్యి ముందుకు వచ్చి నిలబడ్డారు. మనిషి చిక్కిపోయారు, నడక మాత్రం అదే నడక.

"అనంతమ్మా, శుక్రవారం చిన్న బీబీ మంగ్నీ, గదే మీరనే నిశ్చయం. మన బంగళాలనే. బొంబాయి నుంచి పిల్లగాని వాళ్ళు వస్తున్నరు."

"మస్తు సంతోషం అమ్మా!"

"నా దగ్గర నగలు ఏం మిగల్లేదు. వాళ్ళు తెచ్చే ఉంగరం ఒక్కటే నా బిడ్డ చేతికి ఉంటే జర బోసిగుంటది. తల్లిగారింటిది కూడా ఒకటి ఉండాలె కద. నీకిచ్చిన మా అమ్మ ఉంగరం ఒక్క పూట ఇయ్యి. మళ్ళ నీది నీకిస్త."

"ఆ ఎండిదా అమ్మా?"

ఆమె నవ్వారు. "ఎండి కాదు పిచ్చిదానా. ప్లాటినం. మా నాయన బొంబాయిల చేయించిండు. నడుమ ఉన్నది వజ్రం, ఎర్రయి కెంపులు, అటిటు ఉన్నయి పచ్చలు. బంగారం కన్న పెద్దది. భద్రంగ పెట్టినవా?"

మూకుట్లో బజ్జీలు నల్లగా మాడిపోతున్నాయి, నేను జల్లిగంటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

"బిడ్డ ఒంటి మీదనే ఉందమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. ఒంట్లో ఏ కొసన ఉందని ఆమె అడగలేదు.

ఇప్పుడు నా కష్టం వినండి. మొగుడున్న ఆడదాని మెట్టె తియ్యమని ఎవరూ అడగరు. అడిగేది మొగుడు లేని తల్లి అయితే సంగమ్మ నన్ను కాగ్నా ఏట్లో ముంచి పైన బండ పెడుతుంది. అడగకపోతే బేగం గారి ముందు నా మాట పోతుంది. బేగం గారి తల్లి వేలికున్న ఉంగరం ఇన్నేళ్ళూ బిడ్డ అత్తగారింటి గొర్రెల పెంటలో తిరిగిందని చెప్పడానికి నాకు నోరెక్కడిది? శుక్రవారం లోపల ఉంగరం రావాలి, బిడ్డ కాపురం చెడొద్దు. అందుకే రైలెక్కాను.

బుధవారం: రెండు రైళ్ళు

మొదట బీదరు పోయే బండి ఎక్కాను. వికారాబాద్ నుంచి దారులు రెండు చీలుతాయని ఊరందరికీ చెప్పేదాన్ని నేనే. లోపలికి ఎక్కాక ఏ బండి ఏదో నాకే తెలియలేదు. ఎదురుగా ఉల్లిగడ్డ బస్తా మీద కూర్చున్న ఒకాయన అడిగాడు:

"ఎక్కడికి పెద్దమ్మా?"

"తాండూరుకు బిడ్డా."

"గట్లయితే మంచిగ పండుకో. గీ బండి తాండూరు పోవాలంటే పట్టాలు పీకి మళ్ళ ఎయ్యాలె."

దూకినంత పని చేసి దిగాను. నా మూట కిటికీలోంచి ఆయనే విసిరాడు. మూటలో బిడ్డ కోసం చేసుకున్న అరిసెలు ఆ దెబ్బకు సగం పిండి అయ్యాయి.

రెండో బండిలో ఒక కన్నడ ఆమె పక్కన చోటు దొరికింది. సేడం పోతోందట. కూర్చోగానే ఒడిలో గుడ్డ విప్పి, పల్చటి జొన్నరొట్టె, దాని మీద పల్లీల కారం పెట్టి "తిన్రి, తిన్రి" అని నా చేతిలో పెట్టింది. మా రొట్టె మెత్తగా ఉంటుంది, పప్పులో ముంచుకుంటాం. వాళ్ళ రొట్టె అప్పడంలా కటకటలాడుతుంది, నమిలితే బోగీ అంతా వినిపిస్తుంది. కారం మాత్రం మా కారమే. నేను అరిసెల పిండి పెట్టాను. ఆమె అది కొత్త రకం తిండి అనుకుని, ఎట్లా చేస్తారని అడిగింది. కిటికీలోంచి విసిరితే అవుతుందని చెప్పాను.

ఆమె కాళ్ళకు రెండు రెండు వేళ్ళకు లావుపాటి మెట్టెలు ఉన్నాయి. వాటినే చూస్తున్నానని కనిపెట్టి, "నమ్మల్లి కాలుంగుర అంతార్రి" అంది. వాళ్ళ దేశంలో మెట్టెను కాలి ఉంగరం అనే అంటారట. ఆ మాట వింటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఉంగరాన్ని కాలికి పెట్టిన పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే కాదు, ఒక దేశమే ఉంది.

ధారూర్ దాటాక గాలి మారింది. మా వికారాబాద్‌లో చెట్ల గాలి చల్లగా తగులుతుంది. అక్కడి నుంచి పొయ్యి దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. నాకు అలవాటే, పక్కవాళ్ళే పాపం ఉస్సురన్నారు.

తాండూరు: బండల ఊరు

తాండూరులో మట్టి గోడ కోసం వెతికాను, కనిపించలేదు. గోడ బండ, గచ్చు బండ, కప్పు బండ, చేనుకు కంచె కూడా నిలబెట్టిన బండలే. మా ఊళ్ళో కుక్క బూడిదలో పడుకుంటుంది, తాండూరు కుక్క నున్నటి నాపబండ మీద దొరలాగా పడుకుంటుంది. స్టేషన్ బయట బజ్జీలు తిన్నాను. అణాకు నాలుగు ఇచ్చేదాన్ని నేను, వాడు ఐదు ఇచ్చాడు. కానీ మిరపకాయ ఒకటి, మిగతాదంతా పిండి. అణా అంటే కొత్త పైసలు ఏడు ఇవ్వాలంటాడు వాడు, ఆరూ పావే కదా, ఆ పావు నువ్వే వదిలెయ్ అంటాను నేను. వాడు "అవ్వా, నువ్వు కూడ బజ్జీలు అమ్ముతవా?" అని నవ్వాడు. ఎట్లా కనిపెట్టాడో. పిండి విరిచి వాసన చూశానట.

నా తమ్ముడు మల్లప్ప అక్కడ బండల గనిలో పని చేస్తాడు. బండను ఒక్క దెబ్బతో రెండుగా చీలుస్తాడు, కానీ ఆడవాళ్ళ ముందు నోరు తెరవలేడు. వాడికి సంగతంతా చెప్పాను.

"నువ్వు మేనమామవు. మెట్టెల మాట నువ్వు మాట్లాడొచ్చు. కొత్త ఎండి మెట్టె కొనుక్కపోదాం, పాతది ఇడిపిద్దాం" అన్నాను.

"అక్కా, సంగమ్మ ముంగట నేనా? నన్ను గనిల దింపు, పైన బండెయ్యి, పోత. గది మాత్రం చెప్పకు."

"ముందు మెట్టె కొను, తరువాత సస్తువు గాని."

వాడు తీసుకుపోయిన అవుసలి, అదే నగలు చేసే ఆయన, నన్ను చూడగానే గుర్తుపట్టాడు. పెళ్ళినాడు ఆ ఉంగరానికి కింద చీలిక పెట్టి అసలు మెట్టెలా చెయ్యమని ఆయనకే ఇచ్చాం. ఆ కథ ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు.

"ఆ దయ్యం ఉంగరమా? గాజురాళ్ళు పగుల్తయని తడిగుడ్డ సుట్టి, కింది దిక్కు మంటల పెట్టి ఊదిన. ఊది ఊది నా దవడలు వాసినయి. కరగలే. నల్లబడలే. సల్లారినంక నన్ను చూసి నవ్వినట్టే తెల్లగుంది! ఎండి కాదు, తెల్లోళ్ళ తగరమని మీకు వాపస్ ఇచ్చిన."

"అది ప్లాటినమంట. బంగారం కన్న పెద్దదంట. రాళ్ళు వజ్రం, కెంపులంట" అన్నాను.

ఆయన ఊదుడు గొట్టం కింద పెట్టాడు. చాలాసేపు తన దవడలు తానే నిమురుకున్నాడు. కొత్త మెట్టెకు తరుగు తీసుకోలేదు. "జర ఒక్కసారి మళ్ళ చూపియ్యమ్మా, ఊదను, చూస్త అంతే" అన్నాడు.

గురువారం: కాగ్నా అవతల

తమ్ముడి ఎడ్లబండిలో పొద్దున్నే బయల్దేరాం. యాలాల్ దాటాక కాగ్నా ఏరు. నీళ్ళు మోకాలు లోతే, కానీ ఎడ్లు నడి ఏట్లో నిలబడి నీళ్ళు తాగడం మొదలుపెట్టాయి. అవి తాగుతున్నంతసేపు మల్లప్ప సంగమ్మతో ఏమనాలో వల్లె వేశాడు. "వదినె, మా అక్క... వదినె, మా అక్క..." అంతకన్నా ముందుకు పోలేదు. ఎద్దులకే విసుగొచ్చి బయల్దేరాయి.

ఇంటి ముందు సంగమ్మ ఊలు వడుకుతోంది. గొర్లు కాసే కుటుంబం వాళ్ళది.

"ఏం వదినె, చెప్పక చెయ్యక వచ్చినవ్? ఎవరన్న పోయిండ్రా?"

"ఎవరు పోలే. గొర్లను చూసిపోదామని."

"గొర్లంటే నీకు గంత ప్రేమ, గంత పావురం ఎన్నటి సంది? గొర్లను తోలుకొని నా కొడుకు సేడం దిక్కు పోయిండు. చూస్తె పెంట ఒక్కటే ఉంది, చూస్తవా?"

అన్నం పెట్టారు. పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు, జొన్నరొట్టె. నేను రొట్టె వైపు చూడలేదు. వడ్డిస్తూ తిరుగుతున్న నా బిడ్డ కాళ్ళనే చూస్తున్నాను. పెంట, మట్టి, పసుపు, అన్నిటి నడుమ ఆ తెల్లరాయి దీపంలా వెలుగుతోంది.

"ఏంది అవ్వా, అన్నం తింటున్నవా, నా కాళ్ళు తింటున్నవా?" అంది మాణెమ్మ.

నేను మల్లప్పను మోచేత్తో పొడిచాను. వాడు నీళ్ళు తాగాడు. మళ్ళీ పొడిచాను. మళ్ళీ తాగాడు. చెంబు అయిపోయింది.

"ఏంది మల్లప్పా, నోట్ల బండ పెట్టుకున్నవా?" అంది సంగమ్మ.

వాడు మాట్లాడలేక కొత్త మెట్టె పొట్లం తీసి నడి ఇంట్లో పెట్టాడు. అందరూ దాన్నే చూశారు. ఇంక దాచడం నావల్ల కాలేదు. మెట్టెలున్న చోట నేను ఉండొద్దు కదా, గడప అవతలికి పోయి నిలబడి మొత్తం చెప్పేశాను: బేగం గారు, మంగ్నీ, ప్లాటినం, వజ్రం, బంగారం కన్నా పెద్దది, అన్నీ.

సంగమ్మ కదురు కింద పడేసింది.

"బంగారం కన్న పెద్దదా? అంటే లచ్చిమిని నా కోడలు కాలికి కట్టుకొని పెంట ఎత్తుతున్నదా ఇన్నేండ్లు? ఓయమ్మో! గందుకేనా పోయినేడు మా గొర్లకు గాలికుంటు వచ్చింది!"

"గట్లయితే తియ్యి వదినె" అన్నాను.

"తియ్యాల్నా? నా కొడుకు అడవిల ఉన్నడు. తోడేళ్ళు, పాములు. గీడ పెండ్లాం మెట్టె తీస్తె గాడ వానికి ఏమన్నయితే? తియ్యుమనెటిది ఎవరు, నువ్వు! నీకు ఎట్ల నోరొచ్చింది?"

ఆమె తిట్టడానికి కాదు, భయానికి అంటోందని తెలుస్తూనే ఉంది. నా మొగుడు పోయినప్పుడు నేను అన్నీ తీశాను, తీశాక ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

ఈలోపల వాడకట్టు ఆడవాళ్ళు వచ్చారు. సగం మంది బంగారం కన్నా పెద్దది కాలికి ఉండొద్దు, తియ్యాలన్నారు. సగం మంది మెట్టె మెట్టే, తియ్యొద్దన్నారు. ఒకామె కొత్తది తొడిగి అప్పుడు పాతది తీస్తే దోషం లేదంది. ఇంకొకామె, "కొత్తది ముందటికి ఎక్కిచ్చినంక ఎనుక ఉన్న పాతది ఎట్ల వస్తదే, నీ తలకాయల నుంచా?" అంది. దాని మీద పెద్ద లొల్లి అయింది.

అప్పుడు మల్లప్ప నోరు తెరిచాడు. జన్మలో మొదటిసారి. "గోడల బండ పగిలితె ముందు పక్కకు ఇంకో బండ ఆనిస్తం. గప్పుడు పగిలింది గుంజుతం. గోడ కూలదు. కొత్త మెట్టె పక్క వేలికి తొడగుండ్రి. కాలు బోసి కాదు."

అందరూ వాడి మొహం చూశారు. సంగమ్మ కూడా చూసింది. "ఈనెకు మాటలొస్తయా?" అని, లేచి పోయి కొత్త మెట్టెను కోడలి పక్క వేలికి తానే తొడిగింది. "ఇగ గుంజుండ్రి" అంది.

గుంజారు. రాలేదు. పెళ్ళినాటి పిల్ల కాలు కాదు అది, చేన్లలో నడిచిన కాలు. వేలు కణుపు లావెక్కింది. ఆముదం రాశారు, సబ్బు రాశారు, ఎవరో మజ్జిగ నురుగు తెచ్చారు. సంగమ్మ భుజాలు పట్టుకుంది, ఇద్దరు ఆడవాళ్ళు ఉంగరం పట్టుకున్నారు. నేను ముట్టొద్దు కాబట్టి గడప అవతలి నుంచి "మెల్లగ, మెల్లగ" అని అరుస్తున్నాను.

"అది నా కాలా, బాయి మోటనా?" అని మాణెమ్మ ఒక్క తన్ను తన్నింది. మజ్జిగ గిన్నె వెళ్ళి మల్లప్ప ఒళ్ళో పడింది. ఆమె లేచి నిలబడి చీర దులుపుకుంది.

"ఉంగరం రాకుంటె నేనే పోత. బేగమమ్మ అడిగింది ఉంగరం కద, ఏసుకొనే పోత. చిన్న బీబీని చూసి ఎన్నేండ్లాయె!"

"నువ్వు పోతె నేను సుత వస్త" అంది సంగమ్మ. "నా కోడలు కాలు నా కండ్ల ముంగట ఉండాలె."

శుక్రవారం: కట్టుకట్టిన కాలు

తెల్లవారగానే ఏరు దాటి, తాండూరులో రైలెక్కాం. ఉంగరానికి దొంగల భయమని సంగమ్మ కోడలి పాదానికి పాత చీర పేలిక మొత్తం చుట్టింది. అది గుమ్మడికాయంత అయింది. మాణెమ్మ కుంటుతూ ఎక్కింది.

"అయ్యో, ఏమైంది పిల్లకు?" అని ఎదురుగా కూర్చున్న ముసలాయన అడిగాడు.

"కురుపు" అంది సంగమ్మ.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "ఎంత పెద్దది?" అన్నాడాయన. "జొన్నగింజంత" అంది ఆమె. జొన్నగింజంత కురుపుకు ఇంత కట్టా అని బోగీ అంతా వైద్యం మొదలుపెట్టింది. ఒకరు వేపాకు, ఒకరు సున్నం, బెల్లం. ఒకామె కట్టు విప్పండి చూస్తానని వంగింది. "విప్పితె గాలికి అంటుకుంటది!" అని సంగమ్మ అరవగానే మా బెంచీ మొత్తం ఖాళీ అయింది. వికారాబాద్ దాకా కాళ్ళు చాపుకుని వచ్చాం. రైల్లో చోటు కావాలనుకునే వాళ్ళకు ఈ ఉపాయం చెప్పి పెడుతున్నాను.

మామిడితోట బంగళా

బేగం గారు మెట్ల మీదికి ఎదురొచ్చారు. లోపల చిన్న బీబీకి జడ వేస్తున్నారు. బొంబాయి వాళ్ళు మధ్యాహ్నానికి వస్తారట.

"తెచ్చినవా అనంతమ్మా?"

"తెచ్చిన అమ్మా."

ఆమె చెయ్యి చాపారు. నేను ఏం పెట్టలేదు. ఆమె మాణెమ్మ చేతులు చూశారు. రెండు చేతులకూ గాజులే.

"ఏది మరి?"

"చేతికి కాదమ్మా. జర కిందికి."

ఆమె మాణెమ్మ నడుము చూశారు, కొంగు ముడేమో అనుకుని.

"ఇంకా జర కిందికి అమ్మా."

సంగమ్మ వంగి పేలిక విప్పింది. చుట్టలు చుట్టలుగా వచ్చింది. చివరికి పసుపు రాసిన కాలు, ఆ కాలివేలి మీద బేగం గారి తల్లి ఉంగరం. నేను కళ్ళు మూసుకున్నాను. "తెల్లగుంటె ఎండి అనుకున్నం అమ్మా. ఎండి కాళ్ళకే పెడ్తం. కన్నడపోళ్ళయితె కాలి ఉంగరమనే అంటరంట" అన్నాను. ఆ చివరి మాట ఎందుకన్నానో నాకే తెలియదు.

లోపలి నుంచి సగం జడతో చిన్న బీబీ పరిగెత్తుకొచ్చి, ఆ కాలు చూసి, పగలబడి నవ్వింది. "అమ్మీ! గా కాలుతోనే నన్ను రాత్రంత తన్నేది!"

బేగం గారు కూడా నవ్వారు. నవ్వి నవ్వి మెట్ల మీదే కూలబడ్డారు. "మా అమ్మ గీ ఉంగరం చేతితోనే మా చెంపలు పగలగొట్టేది. అయిదుగురం పిల్లలం, అందరం రుచి చూసినం. దీనికి కాలే సరైన జాగ!"

ఆమె కింద కూర్చుని మాణెమ్మ పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకున్నారు. మాణెమ్మ లాక్కోబోతే వదల్లేదు. పట్టుదారం తెప్పించి, కొసను ఉంగరం కింది నుంచి దూర్చి, మిగతా దారాన్ని వేలి చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టారు. కొస పట్టి విప్పుతూ ఉంటే ఉంగరం చుట్టు చుట్టుకూ ముందుకు జరిగి, చల్లగా ఆమె అరచేతిలో పడింది. "కాన్పులప్పుడు మా వేళ్ళు వాస్తె గిట్లనే తీస్తరు" అన్నారు.

సంగమ్మ నోరు తెరుచుకుని చూసింది. "నిన్న ఆముదం గిన్నెడు దండుగైంది" అంది.

మధ్యాహ్నం మంగ్నీ జరిగింది. బొంబాయి వాళ్ళ ఉంగరం కూడా ప్లాటినమే, కానీ కొత్త ఫ్యాషన్ అట. తీగంత సన్నగా ఉంది, దాని మీద ఒకే ఒక్క నీలం రాయి మొటిమలా లేచి నిలబడింది. పక్క వేలికి మా ఉంగరం. మా ఉంగరం అని ఎందుకంటున్నానంటే సంగమ్మ ఆ పూటంతా అట్లాగే అంది. పెళ్ళికొడుకు తల్లి చిన్న బీబీ చెయ్యి పట్టుకుని, తిప్పి తిప్పి చూసింది. తన వేలికీ ఒక పాత ప్లాటినం ఉంది, అది మసకబారింది. మీది ఇంత మెరుస్తోంది, దేంతో తోముతారని ఉర్దూలో అడిగింది.

బేగం గారు నా వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం నవ్వేసేవాళ్ళం.

"మా దిక్కు కాగ్నా ఏటి ఒండుతో తోముతారు. రోజూ తోమాలి. పొద్దున, సాయంత్రం" అన్నారు.

సంగమ్మకు ఉర్దూ బాగానే వచ్చు. కాళ్ళకు పట్టిన ఏటి బురద ఆ పేలికకు ఇంకా అంటుకునే ఉంది. తోట వెనక్కి పోయి, దాన్ని గోకి, మామిడాకులో పొట్లం కట్టి తెచ్చి ఇచ్చింది. ఆ బొంబాయి ఆమె దాన్ని రెండు చేతులా తీసుకుని సంచీలో భద్రంగా పెట్టుకుంది.

సాయంత్రం వాళ్ళు రైలెక్కాక, బేగం గారు ఉంగరాన్ని మాణెమ్మ చేతికి ఇచ్చారు. మాణెమ్మ చేతివేలికి పెట్టుకుంది. ఇప్పటికీ వదులే. చెయ్యి కిందికి దించగానే జారి గచ్చు మీద గిర్రున తిరిగింది. అందరం సంగమ్మ వైపు చూశాం. బంగారం కన్నా పెద్దది కాలికి పెట్టొచ్చా అన్నది ఆమే తేల్చాలి.

"ఏందో పిలాటమో గిలాటమో, నాకు నోరు తిరుగదు" అంది. "నోరు తిరుగంది మా ఇంట్ల లేదు. తెల్లగుంటె ఎండి. ఎండి అయితె కాలికి. తొడుగుండ్రి."

తొడుగుతానని చిన్న బీబీ కింద కూర్చుంది. నేను అలవాటు కొద్దీ లేచి, గోడ వెనక్కి పోతున్నాను. చిన్న బీబీ ఉంగరం వేలి కొసకు పెట్టగానే మాణెమ్మ కితకితలకు కాలు లాక్కుంది. రెండోసారి తన్నింది. చిన్న బీబీ వెనక్కి పడింది.

"ఏడికి పోతున్నవ్ వదినె?" అని సంగమ్మ నా వెనక నుంచి కేకేసింది. "నీ బిడ్డను పట్టుకొమ్మంటె ఎవరివల్ల అయితది? రా, గీడ కూసో. కాలు గట్టిగ పట్టు."

నేను కూర్చున్నాను. నా బిడ్డ మడమ నా రెండు చేతుల్లో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. చిన్న బీబీ ఉంగరం తోసింది. కణుపు దగ్గర ఆగింది, దాటింది, కూర్చుంది. ఈసారి అంతా చూశాను. సంగమ్మ వీపు అడ్డం లేదు. ఆమె నా పక్కనే కూర్చుని, ఆముదం గిన్నె పట్టుకుని ఉంది.